ఒక పేరు పట్టేంత ఖాళీ

షబ్-ఎ-బరాత్ నాటి సాయంత్రం బద్రున్నీసా ఇంట్లో హల్వా పళ్ళెం ముందు కూర్చుని పోయినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు, మొదటి పేరుకు ముందు ఒక ఆగడం ఉండేది. పెద్దామె కళ్ళు మూసుకుని, గుండెనిండా ఊపిరి పీల్చి, మెల్లగా వదిలి, అప్పుడు "హలీమా బీ" అంటూ తన తల్లి పేరుతో మొదలుపెట్టేది. కూతుళ్ళు అలాగే నేర్చుకున్నారు. మనవరాళ్ళూ అలాగే నేర్చుకున్నారు. ఆ ఆగడం కూడా పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహాలో భాగమేనని అందరూ నమ్మారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏది చేస్తే అదే పద్ధతి అనుకోవడం మనకేమైనా కొత్తా?

మనవరాళ్ళలో చిన్నది మెహనాజ్. పెళ్ళయి మహబూబాబాద్ నుంచి జనగామ వెళ్ళింది. పెళ్ళికూతుళ్ళ చేతులకు మెహందీ పెట్టడంలో ఏడాది తిరక్కుండానే పేరు తెచ్చుకుంది. హిందువుల ఇళ్ళ నుంచీ పిలుపులు వచ్చేవి. "గీ చెయ్యి ఎవరిది వచ్చింది బిడ్డా నీకు?" అని ముసలమ్మలు ఆమె వేళ్ళు పట్టుకుని అడిగేవాళ్ళు. మెహనాజ్‌కు నవ్వొచ్చేది. ఆమె పుట్టింటి వాళ్ళలో లారీ డ్రైవర్లున్నారు, కేసముద్రం మార్కెట్లో కాంటా వేసేవాళ్ళున్నారు, గార్లలో చెప్పుల దుకాణం పెట్టి మూసేసిన మేనమామ ఒకాయన ఉన్నాడు. వెతికినా గీత తిన్నగా గీసిన మనిషి లేడు.

అత్తగారింట్లో మొదటి షబ్-ఎ-బరాత్ వచ్చింది. పేర్లు చదివే పని ముచ్చటపడి కొత్తకోడలికే ఇచ్చారు. మెహనాజ్ కళ్ళు మూసింది, ఊపిరి పీల్చింది, వదిలింది, ఆగింది.

అత్త నస్రీన్ కాసేపు ఓపిక పట్టింది. "మర్చిపోయినవా బేటా?"

"లేదమ్మీ. ఈడ ఆగాలె గద."

"ఎందుకు ఆగాలె?"

 మామగారు ఒక కన్ను తెరిచి హల్వా వైపు చూసి మళ్ళీ మూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మెహనాజ్ అమ్మమ్మకు ఫోన్ చేసింది. "నానీ, పేర్లకు ముందు మనం ఎందుకు ఆగుతం?"

 "హల్వాల నెయ్యి సరిపోయిందా?" అని వినిపించింది అవతల నుంచి. బద్రున్నీసా మాట తిండి మీదికి మళ్ళించిందంటే ఏదో దాస్తున్నట్టు లెక్క. ఆ సంగతి ఆ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ తర్వాత మెహనాజ్ పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ అదే ప్రశ్న వేసేది, నానీ ప్రతిసారీ ఏదో ఒక కూర పేరు చెప్పేది. చివరికి చలికాలంలో ఒక మధ్యాహ్నం, తలకు నూనె పట్టిస్తానని కూర్చోబెట్టి, కదలడానికి వీల్లేకుండా జుట్టు గుప్పిట్లో పట్టుకుని అడిగింది.

"అది మా అబ్బా జాగ," అంది బద్రున్నీసా, గోడ వైపు చూస్తూ. "అమీర్ అలీ. అందరికన్న ముందు పోయినోడు ఆయనే. ముందు ఆయన పేరే రావాలె. నాకు నోరు రాదు."

అప్పుడు కథంతా బయటికొచ్చింది. బద్రున్నీసా తండ్రి అమీర్ అలీ ఎడ్లబండి తోలేవాడు. భూపాలపల్లి అడవుల నుంచి వెదురు తెచ్చేవాడు. ఏటా శివరాత్రికి ముందు నెల రోజులు మాయమైపోయేవాడు. పోయేటప్పుడు మూటలో ఒక చేతి అద్దం, ఒక కాటుక డబ్బీ పెట్టుకునేవాడు. ఆ కాటుక హలీమా ఇంట్లో చేసేది. నెయ్యి దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, పట్టిన మసి గీకి, వెన్నతో నూరి డబ్బీలో నింపేది. నిండుగా పోయిన డబ్బీ ఖాళీగా తిరిగొచ్చేది. దాంతోపాటు ఆకుపచ్చ గాజులు వచ్చేవి.

"మొగోడు అద్దం, కాటుక పట్టుకోని అడవిల నెలరోజులు ఉంటే ఏమనుకుంటరే? బస్తీ అంత అనుకున్నది. ఆడ రెండో సంసారం ఉన్నది. మా అమ్మ చేసిన కాటుక దానికి పెట్టి, అది విప్పేసిన గాజులు మా అమ్మకు తెచ్చిచ్చిండు." బద్రున్నీసా జుట్టు విడిపించుకుని ఇటు తిరిగింది. "అమ్మ ఒక్కమాట అడగలే. ఒక్క గాజు తొడగలే. అట్లనే పోయింది. నేనెట్ల తీసుకుందు ఆయన పేరు?"

మెహనాజ్‌కు జాలి వేసింది. అమ్మమ్మ ముఖం చూస్తే నవ్వే ధైర్యం లేదు కానీ, కుతూహలం మాత్రం ఆగలేదు. భూపాలపల్లి వైపు ఎక్కడో తనకు చుట్టాలున్నారన్నమాట. వాళ్ళలో ఎవరికైనా మెహందీ వచ్చేమో!

"పోయి సూద్దమా నానీ?"

ఛీ పో అంటుందనుకుంది. బద్రున్నీసా లేచి, ట్రంకుపెట్టె తెరిచి, అడుగు నుంచి ఒక గుడ్డమూట తీసింది. అందులో ఆయన పట్టుకెళ్ళే ఇత్తడి చట్రం అద్దం. "పోదం. దీన్ని ఎవరిది వాళ్ళ మొఖాన కొట్టి వస్త."

ఏ ఊరో తెలియాలి కదా. అమీర్ అలీతో బండ్లు కలిపి తోలిన లంబాడా స్నేహితుడి కొడుకు సక్రు, కురవి దగ్గర తండాలో ఉంటున్నాడు. ఆయనకూ ఎనభై దగ్గర పడ్డాయి. మెహనాజ్ వెళ్ళి అడిగితే, చుట్ట ఆర్పి ఊరి పేరు చెప్పాడు. భూపాలపల్లి దాటి, అడవి అంచున ఉన్న చిన్న ఊరు.

"మా బాపు ఆయన్ని గా ఊర్ల దించి పోయెటోడు. ఏం పనో నాక్కూడ చెప్పలే. అమీర్ అలీ ఒట్టేయించుకున్నడట. నువ్వు పోయి తెలుసుకుంటే నాకు గూడ జర ఫోన్ చెయ్యి. యాభై ఏండ్ల సంది నాకు గదే పరేషాన్."

ఇద్దరూ ఆధార్ కార్డులు పట్టుకుని బస్సెక్కారు. ఆడవాళ్ళకు టికెట్ లేదు. "మా అమ్మ సవతి ఇంటికి పోనీకి సర్కారే బస్సు పెట్టింది," అంది బద్రున్నీసా. హనుమకొండలో బస్సు మారారు. దారి పొడుగునా ఆమె తిట్లు నెమరేసుకుంటూనే ఉంది. కోపం వస్తే దక్కనీ ఉర్దూలో తిట్టడం, మనసు కుదుటపడితే తెలుగులోకి రావడం ఆమె అలవాటు. ములుగు రోడ్డు ఎక్కేసరికి దక్కనీ నిల్వ సగం అయిపోయింది. పరకాల దాటాక కొన్ని తిట్లు రెండోసారి వాడింది.

ఊళ్ళో దిగి అమీర్ అలీ పేరు చెప్పగానే, కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు "వజ్రమ్మ ఇంటికి పోండ్రి" అన్నారు. బద్రున్నీసా మెహనాజ్ వైపు చూసిన చూపులో, చెప్పానా లేదా అన్నది స్పష్టంగా ఉంది. కొంగు బిగించి నడిచింది. ఎనభై ఏళ్ళ మోకాళ్ళకు అంత వేగం ఎక్కడిదో!

వజ్రమ్మ అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తోంది. బద్రున్నీసా కంటే నాలుగైదేళ్ళు పెద్దదే అయ్యుంటుంది.

"అమీర్ అలీ పెండ్లాం ఎవరు?" అంది బద్రున్నీసా, నిలబడే.

వజ్రమ్మ తలెత్తి చూసింది. "ఆమె మానుకోటల ఉంటుండె గద." మహబూబాబాద్‌ను పాతవాళ్ళు ఆ పేరుతోనే పిలుస్తారు.

"ఆమె మా అమ్మ. నేనడిగేది ఈడి పెండ్లాం సంగతి."

"ఈడి పెండ్లామా? ఆయనకొక్కతే గద తల్లీ. హలీమా. ఉన్నన్ని దినాలు ఆమె ముచ్చటే మాకు." వజ్రమ్మ మిరపకాయల చేతులు దులుపుకుని లేచింది. "అమీరన్న బిడ్డవా నువ్వు? రా, ఆయన సంసారం సూపిస్త."

ఇంటి వెనక రేకుల కొట్టం ఉంది. తలుపు తీసేసరికి వెలుతురు లోపలికి పాకి ఒక్కొక్కటే కనపడింది. శివరాత్రికి ఊళ్ళో తిప్పే కొయ్య తేరు. దాని చుట్టూ పరుగెత్తే గుర్రాలు, చిలకలు, జామకాయ కొరుకుతున్న కోతి. తేరు ముందు, చేతిలో దీపం పట్టుకుని నిలువెత్తు ఆడబొమ్మ.

"రంగులన్ని అమీరన్నయే. నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు సూసిన. ఏటేటా వచ్చి కొన్ని బొమ్మలు చేసి పోయెటోడు. మీ బస్తీల పెద్దలు బొమ్మలేసుడు తప్పంటరట గద? సిన్నప్పుడు బొమ్మ గీసిండని వాళ్ళ నాయిన కొట్టిండట. మా ఇంట్ల తెల్వద్దు అని మా మామ తోని ఒట్టేయించుకున్నడు."

మెహనాజ్ గుర్రం మెడ మీది తీగ దగ్గరికి వంగింది. ఆకు చివర సన్నగా తిరిగి, వెనక్కి వచ్చి, తన కాడనే తాకే తీగ. ఆమె జనగామలో ఎంతమంది చేతుల మీద అదే తీగ వేసిందో! ఎవరూ నేర్పలేదనే అనుకుంది ఇన్నాళ్ళూ. 

బద్రున్నీసా మాత్రం తగ్గలేదు. "మరి అద్దం? కాటుక?"

"కండ్లకు," అంది వజ్రమ్మ. "కండ్లు ఆఖర్న దిద్దుతరు. దిద్దెటోడు బొమ్మ దిక్కు సూడొద్దు. బొమ్మ కండ్లు తెరిసినంక మొదటి సూపు మనిషి మీద పడొద్దని. గందుకే ఈపు తిప్పి నిలబడి, అద్దంల సూసుకుంట, చెయ్యి ఎనకకు పెట్టి దిద్దుతుండె. కాటుకల తుమ్మబంక కలిపి. బజార్ల కాటుక తెస్తమంటే వద్దనేటోడు. మా హలీమా చేసిన కాటుకైతేనే సూపు వస్తది అనేటోడు. ఆ కాటుక చేసిన తల్లికియ్యమని మా అత్త ఏటేటా పచ్చగాజులు పంపేది. తొడుక్కునేదా ఆమె?"



బద్రున్నీసా దీపం బొమ్మ దగ్గరికి వెళ్ళి, చాలాసేపు ముఖంలోకి చూసింది. "మా అమ్మ లెక్కనే ఉన్నది," అంది గొంతు తగ్గించి. మళ్ళీ వెంటనే తల అడ్డంగా ఊపింది. "కాదు. మా అమ్మకు ఎడమ కన్ను జర సిన్నది. దీనికి కుడి కన్ను సిన్నగున్నది."

"ఔను, అది తప్పు పోయింది," అంది వజ్రమ్మ. "మల్ల మల్ల రంగులేసినోళ్ళు గూడ సరిజేస్తమన్నరు. మా మామ కండ్లను ముట్టనియ్యలే."

మెహనాజ్ అమ్మమ్మ చేతిలోని గుడ్డమూట విప్పి అద్దం తీసింది. ఆమె భుజాలు పట్టుకుని బొమ్మకు వీపు చేసి నిలబెట్టింది. అద్దాన్ని ఆమె కళ్ళ ముందుకు ఎత్తి, బొమ్మ ముఖం అందులో పడేదాకా వంచింది.

అద్దంలో కుడి ఎడమయింది. చిన్న కన్ను తన చోటికి వచ్చి కూర్చుంది. ఎదురుగా కూర్చుని అన్నం కలిపి ముద్ద పెట్టేటప్పుడు ఎలా చూసేదో అలాగే, హలీమా తన బిడ్డను చూస్తోంది.

ఎవరి మొఖానో కొడతానని తెచ్చిన అద్దాన్ని బద్రున్నీసా రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. బాధ కొంత, సంతోషం కొంత, కోపం ఇంకా కొంత. "చెప్పొచ్చు గద అబ్బా," అంది అద్దంతోనే. "చెప్తే అమ్మ ఇంకో డబ్బీ ఎక్కువ చేసిచ్చేది." ఆ మాట ఆమె తెలుగులో అంది.

వజ్రమ్మ అన్నం పెట్టకుండా కదలనివ్వలేదు. కొత్త మిరపకాయల తొక్కు, జొన్నరొట్టె, వంకాయ కూర. తింటుండగా వజ్రమ్మ మెహనాజ్ చేతుల మీది మెహందీని తిప్పి తిప్పి చూసింది. "బొమ్మ కండ్లు మాసిపోతున్నయి బిడ్డా. శివరాత్రికి వచ్చి దిద్దరాదు?" అంది. మెహనాజ్ చేతులు వెనక్కి తీసుకుంది. చేతుల మీద వేసింది పది రోజుల్లో పోతుంది, ఇది అలా కాదే అని భయం. ఆమె నోరు తెరిచేలోపే బద్రున్నీసా "వస్తది" అని చెప్పేసి, ఇంకో రొట్టె వేయించుకుంది.

తిరుగు బస్సులో మెహనాజ్ సక్రుకు ఫోన్ చేసింది. ఆయన సంగతంతా విన్నాడు. "నేనింకా వెదురు దొంగతనమేమో అనుకున్న," అన్నాడు చివరికి, కాస్త నిరాశగానే.

ఈ ఏటి షబ్-ఎ-బరాత్‌కు మెహనాజ్ అత్తను కూడా వెంటబెట్టుకుని మహబూబాబాద్ వచ్చింది. ప్రశ్న అడిగింది నస్రీనే కదా, జవాబు వినే హక్కు ఆమెకు లేదా? వంటింట్లో ఒక మూల నెయ్యి దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి ఉంది. బద్రున్నీసా హల్వా కలుపుతూనే మధ్యమధ్య వెళ్ళి మసి ఎంత పట్టిందో చూసి వస్తోంది. ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. పెట్టె అడుగు నుంచి తీసిన ఆకుపచ్చ గాజులు మెహనాజ్ చేతికి ఉన్నాయి. అవి ఆమెకు కొంచెం వదులు.

పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు అయింది. హల్వా పళ్ళెం చుట్టూ అందరూ చేరారు. బద్రున్నీసా కళ్ళు మూసుకుంది. ఊపిరి పీల్చింది, వదిలింది. అలవాటు ప్రకారం కూతుళ్ళూ మనవరాళ్ళూ అందరూ ఆమెతో పాటే ఆగారు.

"అమీర్ అలీ," అందామె.

పిల్లల్లో ఒకడు కళ్ళు తెరిచి, పేరెవరిదని వాళ్ళమ్మను గిల్లాడు. బద్రున్నీసా కూడా కళ్ళు తెరిచింది. ఆమెకూ ఎడమ కన్ను కొంచెం చిన్నది. "మా అబ్బా," అని వాడికి చెప్పింది. "బొమ్మలకు కండ్లు దిద్దేటోడు."

తర్వాత మళ్ళీ కళ్ళు మూసుకుని, ఆగకుండా, "హలీమా బీ" అంది.