డ్వుమా పుచ్చుకున్న సీసా

"కోర్టుది కోర్టుదే, ఇంటిది ఇంటిదే. సీసా పట్టుకెళ్ళి బతిమాలుకుంటే డ్వుమా మాత్రం మనిషి కాడా?" అన్నాడు మేనమామ అజ్యేమాన్.

అఫ్రియేకి వేరే దారి లేదు. ఆమె నడిపే వెబ్‌సైటులో ఘానాలోని టెచిమాన్ ఊరి జనం తమ గోడు తామే రాసుకుంటారు. డ్వుమా ఫ్యాక్టరీలో నీళ్ళ ప్యాకెట్లు శుద్ధి లేకుండా వాగునుంచే నింపుతున్నారని ఎవరో పేరు పెట్టకుండా రాశారు. పరువు పోయిందని డ్వుమా అఫ్రియే మీదే దావా వేశాడు. రాసింది అతని దగ్గర పనిచేసే పోమా. "అక్కా, నా పేరు బయటపెడితే ఈ ఊళ్ళో నన్ను బతకనివ్వరు," అని ఫోన్లో ఒకటే ఏడుపు.

పెద్దల్ని వెంటబెట్టుకుని, ష్నాప్స్ సారా సీసాతో డ్వుమా గుమ్మం ఎక్కారు. "పిల్ల తెలియక చేసింది, మన్నించు," అన్నాడు మామ. డ్వుమా పూర్వీకుల పేరు తలచి నేలమీద కాస్త పోశాడు, మిగతాది తాగాడు. సీసా పుచ్చుకున్నాక తగువు తీరినట్టే. ఆ పూట అఫ్రియే కడుపునిండా తింది.

కోర్టులో డ్వుమా లాయరు లేచాడు. "అయ్యా, ఈమె సీసాతో వచ్చి మన్నించమంది. తప్పు లేనివాళ్ళు వస్తారా?"

మామ ఎగిరి లేచాడు. "ఒరే డ్వుమా! పూర్వీకుల్ని తలచి మరీ తాగావు కదరా!"

"తాగాను మావా, మంచి సరుకే. నాతో తగువు తీరిపోయింది. దావా నా కంపెనీది."

జనం నవ్వారు. జడ్జి మామను కూర్చోమని, అఫ్రియే వైపు తిరిగాడు. "రాసిందెవరో చెప్పు, నిన్ను వదిలేస్తాను. చెప్పకపోతే ఆ రాత నీదే అనుకుంటాను."

అఫ్రియే బోనులోంచే బదులిచ్చింది. "నాదేనయ్యా. నేనే రాశాను."

"నీకేమైనా పిచ్చా!" అని మామ గొణిగాడు.

"అలాగా!" అన్నాడు లాయరు. "మరి వాగు నీళ్ళ పైపు ఫ్యాక్టరీలోకి ఎటునుంచి వస్తుందమ్మా?"

ఆ ఫ్యాక్టరీ గేటైనా చూసి ఎరగదు అఫ్రియే. "ఎడమ గోడ పక్కనుంచి."

"ఎడమవైపు గోడెక్కడిది? అటు రోడ్డు."

జడ్జి కలం ఎత్తాడు. "చివరిసారి అడుగుతున్నాను. రాసినవాళ్ళ పేరు?"

అఫ్రియే బోను కమ్మీని గట్టిగా పట్టుకుని, ఇంటిపేరుతో సహా తన పేరే చెప్పింది.