మిగిలింది ఒకటి

మా మున్సిపాలిటీలో ఒక్కో ఇంటికి మూడు పేర్లు. పన్ను లిస్టులో ఎప్పుడో పోయిన తండ్రి, కరెంటు మీటరు మీద ప్లాటు అమ్మేసిన మనిషి, నీళ్ల నల్లా కాగితంలో ఇంటావిడ. శాఖలేమో ఎవరికి వారే యమునా తీరే. మూడు లిస్టులూ ఒకే తెర మీద కలవాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. కలిపే పని కంప్యూటర్ ముందు కూర్చునే నా మీద పడింది. శేరిగూడలో నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివితే ఈ సబ్జెక్టు ఎవరూ చెప్పలేదు.

"భిక్షాన్ని తీస్కపో ఉజ్వలా" అన్నాడు మా సారు. "ఇరవై ఏండ్ల సంది గా వార్డుకు నీళ్లిడిచేది ఆయనే. లెక్క కలిసేదాంక నీ ఎంబడి తిరుగుతడు. కలిసిన తెల్లారి నుంచి వాల్వులు కంప్యూటరే తిప్పుతది, మోటర్లు బిగించినం. ఇగ ఆయనతోని పని లేదు."

ఈ మాట భిక్షం ఎదుటే అన్నాడు. సారుకు మొహమాటం తక్కువ. భిక్షం తలూపాడు.

మొత్తం మూడు వందల పన్నెండు నల్లాలు. వాల్వు తిప్పే ఇనుప కడ్డీ భుజాన వేసుకుని ఆయన ముందు, ట్యాబ్ పట్టుకుని నేను వెనక. ఆయన దగ్గర కాగితం ముక్క కూడా లేదు.

"గిది సుసన్న ఇల్లు. పన్ను ఆమె మామ పేరు మీదుంటది సూడు" అనేవాడు. చూస్తే ఉండేది. "గీళ్లు యాచారం నుంచి వచ్చిండ్రు. మీటరు పాతోళ్లదే." అదీ నిజమే. తన నౌకరికి తనే గొయ్యి తవ్వుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. కానీ లిస్టు జోరుగా కదులుతోంది. నేను ఆపలేదు.

పన్నెండు రోజుల్లో ఒక్కటి తప్ప అన్నీ కలిశాయి. ఆ ఒక్కదానికి నల్లా కాగితంలో సుక్కమ్మ అని పేరుంది, ఇంటి నంబరు లేదు.

"గది నాకు ఎరుక లేదమ్మా" అన్నాడు భిక్షం. ఎవరి కోడి ఎవరింట్లో గుడ్డు పెడుతుందో చెప్పగల మనిషి. నాకు అనుమానం వచ్చింది, అడగలేదు. ఆ ఒక్కటి మిగలడం వల్లే ఆయన ఇంకా రోజూ వాల్వు తిప్పుతున్నాడు.

ఒకటో తారీఖుకు కలవని నల్లాకు మూత బిగించమని ఇంకో ఆర్డరు. భిక్షమే పోయి సాయంత్రానికి "బిగించిన సారూ" అని చెప్పాడు. ఎరుక లేని ఇంటి నల్లా ఎలా దొరికిందని సారు అడగలేదు. నేనూ అడగలేదు. మూత పడినా తెర మీద ఆ ఒక్కటి మిగిలే ఉంది.

ఇరవై రోజులకు ఒకామె ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. వెనకాలే భిక్షం, తల దించుకుని.

"నేనే సుక్కమ్మను. ఈయన పెండ్లాన్ని" అంది. "పన్ను మా మామ కాశయ్య పేరు మీదుంది. మీటరు మాకు ప్లాటు అమ్మిన కిష్టా పేరు మీదుంది. రాసుకో బిడ్డా."

"భిక్షం కాక నౌకరి పోతది" అన్నాను.

"ఎరుకే. గందుకే నోరు మూసుకున్నడు, మా నల్లాకు మా ఆయనే మూత బిగించిండు. పక్కింటి ఇంద్రమ్మ నల్లా కాడ నీళ్లు పట్టుకుంటున్న. 'ఊరందరికీ నీళ్లిచ్చేది మీ ఆయనే గద' అని నవ్వింది నిన్న. బిందెలు మోస్త గానీ, గా మాట మొయ్య."

నేను భిక్షం వైపు చూశాను.

"కంప్యూటర్ల కొట్టు బిడ్డా" అన్నాడు.

కొట్టాను. తెర మీద మిగిలినవి సున్నా అని పడింది. సారు వచ్చి నా భుజం తట్టి, నల్లా మూత తీసేయమని భిక్షానికి చెప్పి వెళ్లాడు. ఇనుప కడ్డీ ఎవరికి అప్పజెప్పాలని భిక్షం అడిగితే ఎవరికీ తెలియలేదు. భుజాన వేసుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున ఆరు దాటి రెండు నిమిషాలకు ఫోన్ మోగింది. భిక్షం. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మా ఇంటికి నీళ్లొచ్చినయమ్మా" అన్నాడు. "ఆరంటే ఆరే. ఇరవై ఏండ్లల్ల నేనొక్కనాడు గంత టైముకు ఇడువలే."