మామ్మ తరఫు జవాబు

అంబులెన్సు కోర్సు ల్యాబ్‌లోకి రోగిలా నటించే కొత్త బొమ్మ వచ్చింది. కళ్లు ఆర్పుతుంది, మూలుగుతుంది, అడిగితే "ఛాతీలో నొప్పి" అని స్పీకర్లోంచి జవాబు కూడా చెబుతుంది. పిల్లలంతా బెల్లం చుట్టూ చీమల్లా దాని చుట్టూ చేరారు. మూలమంచం మీద పాత బొమ్మ ఒక్కతే పడి ఉంది. దాన్ని ఇవాళ స్టోరు గదికి పంపించేయాలి. ఆ పని సారు మీద పడింది.

పాత బొమ్మ పేరు మామ్మ. రబ్బరు తోలు ముడతలు పడిపోయింది, ముందు పళ్లు రెండూ ఎప్పుడో ఊడిపోయాయి, అందుకని ఆ పేరు. పెట్టింది ఒకప్పుడు ఇక్కడే చదువుకున్న సారు బ్యాచే. అప్పట్లో ఆయన సారు కాదు, "బ్రేకులు". నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోయేది. హాజరు పలకడానికే నానా తంటాలు పడేవాడు. అలాంటివాడు అంబులెన్సులో పనిచేసే డిగ్రీ చదువుతానంటే చుట్టాలు నవ్వారు. "రోగి కోలుకుని ఇంటికెళ్లాక వీడి మాట పూర్తవుతుంది" అన్నాడు మేనమామ. ఆయన నోటికి అడ్డూ అదుపూ ఎప్పుడూ లేదులెండి.

కానీ వాడిది పంతం. చిన్నప్పుడు నాన్న స్నానాల గదిలో పడిపోతే అంబులెన్సుకు ఫోన్ చేసింది వాడే. ఇంటి అడ్రసు నోట రాలేదు. అవతలి ఆవిడ విసుక్కోలేదు, ఫోను పెట్టేయలేదు. "చెప్పు బాబూ, ఇక్కడే ఉన్నాను" అంటూ, అక్క పరుగున వచ్చి ఫోను లాక్కునేదాకా ఆగింది. నాన్న బతికాడు. ఆ "ఇక్కడే ఉన్నాను" అన్న మాట వాడి చెవిలో ఉండిపోయింది. ఎప్పటికైనా తనూ ఎవరికైనా ఆ మాట చెప్పాలి. వాడి ఆశల్లా అంతే.

ట్యూటర్ మేడమ్‌ది ఒకటే నియమం. మాట్లాడకుండా బొమ్మను ముట్టుకోకూడదు. "బొమ్మే కదా అని పలకరించకుండా చెయ్యి వేశారో, రేపు మనిషి మీదా అలాగే వేస్తారు" అనేది. బొమ్మ ఎలాగూ పలకదు కనుక, దాని తరఫు జవాబు కూడా అడిగినవాళ్లే పైకి చెప్పాలి. "ఎక్కడ నొప్పి మామ్మా? తుంటిలో. ఊపిరాడుతోందా? ఆడుతోంది." ఈ తంతు చూసి బ్యాచంతా కడుపుబ్బ నవ్వేవారు.

విచిత్రమేమిటంటే, మనుషుల ముందు మొరాయించే బ్రేకులు నాలుక మామ్మ ముందు గడగడా పరిగెత్తేది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కూడా వాడు ఉండిపోయేవాడు. ఆవిడ చేతికి బద్ద పెట్టి కట్టు కడుతూ, విప్పి మళ్లీ కడుతూ, క్యాంటీన్ టీ ఎంత నీళ్లగా ఉందో చెప్పేవాడు, మేనమామ మీద చాడీలు చెప్పేవాడు. కిటికీలోంచి ఎండ వాలుగా పడేది, స్పిరిట్ వాసన, రబ్బరు వాసన. ఎంత హాయి రోజులవి!

ఒక రోజు మేడమ్ గుమ్మంలో నిలబడి అంతా వింది.

"ఇంట గెలిచావు, సంతోషం. మరి రచ్చ గెలవాలి కదా? బొమ్మలు అంబులెన్సుకు ఫోన్ చెయ్యవు. రేపటి డ్యూటీకి నేనూ వస్తాను. మనిషితో మాట్లాడగలిగావా, ఉంటావు. లేకపోతే నేనే నిన్ను వేరే కోర్సులో చేర్పిస్తాను."

మర్నాడు ఒక అపార్ట్‌మెంటు మెట్ల మీద పెద్దావిడ పడిపోయిందని ఫోనొచ్చింది. రిటైరైన బడి టీచరట. మెట్ల మలుపులో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బ్రేకులు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నోరు పెగల్లేదు. "న... న..." వెనక నుంచి డ్రైవరన్న ముందుకు రాబోతే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది.

వాడు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. ల్యాబు, ఎండ, ముడతల రబ్బరు మొహం గుర్తుకు తెచ్చుకున్నాడు. అంతే, మాట వచ్చేసింది.

"మామ్మా, నేను అంబులెన్సు నుంచి వచ్చాను. మీ చెయ్యి పట్టుకుంటున్నాను, భయపడకండి. ఎక్కడ నొప్పి? తుంటిలో. ఊపిరాడుతోందా? ఆడుతోంది. సరే, కాలు కదపకండి."

పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని వాడి వంక చూసింది.

"ప్రశ్నా నువ్వే, జవాబూ నువ్వే అయితే ఇక నేనెందుకయ్యా ఇక్కడ? తుంటిలో నొప్పని నీకెవరు చెప్పారు?"

డ్రైవరన్న పక్కుమన్నాడు. ఎదురుగా ఉన్నది బొమ్మ కాదని వాడికి తెలిసొచ్చింది, తెలియగానే బ్రేకులు మళ్లీ పడ్డాయి. "అ... అయితే... ఎ... ఎ..." చెవులు ఎర్రబడ్డాయి. తన చదువు ఇక ఇంతటితో సరి అనుకున్నాడు.

"మెల్లిగా అడుగు నాయనా" అంది పెద్దావిడ. "నేనెక్కడికి పోతాను? కదల్లేను కదా!"

అడిగాడు. చాలాసేపే పట్టింది. ఆవిడ ఆగింది. ఈసారి ఆవిడ చెబుతుంటే వాడూ ఆగాడు. నొప్పి రెండో చేతి మణికట్టులో అంది. చెప్పి ఊరుకుంది. వాడు చెయ్యి వదల్లేదు, మాట్లాడలేదు కూడా. కాసేపటికి ఆవిడే గొంతు తగ్గించింది.

"ఇంకో సంగతి. కాలు జారలేదు బాబూ. ముందు కళ్లు తిరిగాయి, ఆ తర్వాతే పడ్డాను. పిల్లలకు చెబితే కంగారుపడతారని చెప్పలేదు."

కాలు జారి పడటం వేరు, కళ్లు తిరిగి పడటం వేరు. వెంటనే గుండె చూశారు. కొట్టుకోవలసినదానికన్నా బాగా నెమ్మదిగా కొట్టుకుంటోంది. కట్టు కట్టి ఇంట్లో వదిలేసి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఆవిణ్ణి ఆసుపత్రిలో దించాక మేడమ్ అంది: "గడగడా మాట్లాడినప్పుడు తప్పు చేశావు. తడబడ్డప్పుడు సరిగ్గా చేశావు. ఎల్లుండి క్లాసుకు ఆలస్యం చెయ్యకు."

వాడు అంబులెన్సు వెనక్కి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడు. డ్రైవరన్న చూసీ చూడనట్టు టైర్లలో గాలి చూసుకున్నాడు.

ఇప్పుడు, అదే ల్యాబ్‌లోకి, అటెండరు ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. "ఎత్తేద్దామా సార్?"

మాట్లాడకుండా ముట్టుకోకూడదు కదా. సారు మామ్మ మీదికి వంగాడు.

"మా... మా... మా..."

ఆవిడ ముందు ఆ నాలుక తడబడటం అదే మొదటిసారి. కొత్త బొమ్మ దగ్గర పిల్లలు నవ్వుకోవడం ఆపి ఇటు తిరిగారు. అటెండరు ట్రాలీ మీంచి చెయ్యి తీసేశాడు.

"మెల్లిగా చెప్పండి సార్. ఆవిడెక్కడికి పోతుంది?"

"మామ్మా" అన్నాడు సారు, చాలాసేపటికి. "వె... వెళ్లొస్తావా?"

అలవాటు ప్రకారం ఆవిడ తరఫు జవాబు తనే చెప్పాలి. చెప్పలేదు. ఆవిడే చెబుతుందన్నట్టు కాసేపు ఆగి, అప్పుడు చెయ్యి వేశాడు.