నిమ్లే దేశం, భూమయ్య పెట్టె

సహంలో బతకాలంటే సహనం కావాలి. ఊరి పేరులో తగ్గిన ఆ 'న'ను కంపెనీయే మింగేసిందని డ్రైవర్ వహీద్ అంటుంటాడు. వహీద్‌ది హైదరాబాద్. నోటికీ బండికీ రెండింటికీ బ్రేకులు లేవు. 1976లో ఆ ఒమాన్ ఊళ్లో కంపెనీ ఒక బడి కడుతోంది. కట్టే కూలీలంతా కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్లు. వాళ్లలో బడి మొహం చూసినవాళ్లు తక్కువ, బడి గోడ మోసినవాళ్లు ఎక్కువ.

ఒక శుక్రవారం సెలవు పూట, క్యాంపు మేస్త్రీ భూమయ్య వచ్చి కూలీ గంగన్న మంచం మీద కూర్చున్నాడు.

"పాస్‌పోర్టు తే తమ్మీ. వీసా ముద్ర కొట్టిచ్చుకొస్త."

గంగన్న కాంట్రాక్టు వచ్చే నెలతో తీరిపోతుంది. తీరగానే ఇంటికి పోవాలని అతని కోరిక. అందుకే పాస్‌పోర్టును బనియన్‌కు లోపలివైపు కుట్టించుకున్న జేబులో దాచుకుని తిరుగుతున్నాడు. నిరుడు ముద్ర కోసమని పక్క మంచం పెద్దులుతో పాటు చాలామంది ఇచ్చిన పాస్‌పోర్టులు భూమయ్య ఇనుప పెట్టెలోకి పోయాయి. పెద్దులు కాంట్రాక్టు తీరింది, మోత తీరలేదు. ఎప్పుడడిగినా భూమయ్య "వచ్చే నెల" అంటాడు. ఆ నెల అరబ్బు క్యాలెండర్లోనూ లేదు, తెలుగు పంచాంగంలోనూ లేదు.

"పొద్దుగూకినంక ఇస్తనన్నా" అని గంగన్న అప్పటికి తప్పించుకున్నాడు.

పెద్దులుకు అది నచ్చలేదు. "మేస్త్రన్న మీద అనుమానమారా? వాళ్ల నాయన దొర గడిల వెట్టి చేసిండు. ఈపు మీద వాతలు పడ్డోని కొడుకు మనల్ని ముంచుతడా? అనుమానమైతే ఆ జనరేటరోని మీద పెట్టుకో!"

జనరేటరోడంటే క్యాంపు జనరేటర్ నడిపే నిమ్లే. పేరుకు తగ్గట్టు నిమ్మళమైన మనిషి. సిమెంటు ఓడలో వచ్చి, రేవులో దిగి, మళ్లీ ఓడెక్కని నల్లతను. కనిపించిన ప్రతివాణ్ణీ "పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా?" అని అడుగుతాడు. కంపెనీ పెట్టిన గూఢచారి అని క్యాంపంతా తీర్మానించింది.

"ఏ దేశమోడట?" అని అడిగాడు గంగన్న.

"లైబీరియా," అన్నాడు వహీద్. "ఇంగ్లీషుల 'లై' అంటే అబద్ధం భాయ్. దేశం పేర్లనే అబద్ధమున్నది!"

అయినా గంగన్నకు అనుమానం రెండువైపులా పొడిచింది. ఇంగ్లీషును తెలుగు చేసి చెప్పడానికి వహీద్‌ను వెంటబెట్టుకుని జనరేటర్ షెడ్డుకు పోయాడు.

"మా పాస్‌పోర్టులతోని నీకేం పని?"

నిమ్లే చేతుల గ్రీజు తుడుచుకుని, భూమయ్య గది వైపు చూపించాడు. గుమ్మం బయట చెప్పుల జతలు వరసగా ఉన్నాయి. వేరే ఏ గది ముందూ లేవు.

"మేస్త్రీ విప్పమన్నాడా?"

"ఎవ్వలు జెప్పలే. అట్లనే అలవాటైంది."

"మా దేశంలోనూ అలాగే అలవాటైంది," అన్నాడు నిమ్లే. తర్వాత అతను ఇంగ్లీషులో చెప్పుకుపోతుంటే వహీద్ మొదటిసారి జోకులు మాని తెలుగులో చెప్పుకొచ్చాడు.

అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లు ఓడలెక్కి ఆఫ్రికా తీరానికి వచ్చారు. చాలామంది జ్వరాలతో పోయారు. మిగిలినవాళ్లు తమ దేశానికి స్వేచ్ఛ అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు, జెండాకు ఒకే చుక్క పెట్టుకున్నారు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత ఇళ్లు కట్టుకున్నారు, తమ పాత యజమానుల ఇళ్లలాగే, ముందు పెద్ద పెద్ద స్తంభాలతో. ఉక్కలో పొడుగు కోట్లు, నెత్తిన ఎత్తు టోపీలు. ముందునుంచీ ఆ నేల మీదున్న నిమ్లే వాళ్లు బయటివాళ్లయిపోయారు. వాళ్లకు ఓటు, వీళ్లకు మూట.

"నా చిన్నప్పుడు సిపాయిలు వచ్చి రోడ్డు పని అని మా నాన్నను తీసుకుపోయారు. ఆ రోడ్డు సముద్రంలో తేలింది. స్పెయిన్ వాళ్ల దీవిలో కోకో తోటలకు పంపేశారు. పంపిన ఆఫీసరు తాత అమెరికాలో కొరడా దెబ్బలు తిన్నవాడే. మా ఊరు అందుకే నమ్మింది, ఆ బాధ వీడికి తెలుసు కదా అని. తెలుసు. తాడు ఎక్కడ కడితే మనిషి కదల్లేడో కూడా తెలుసు."

గంగన్న మొత్తం విన్నాడు. అనుమానం మాత్రం చావలేదు.

"నువ్వు ఆ ఆఫీసరు మనుమనివి కాదని నాకేం ఎరుక?"

నిమ్లే పడీ పడీ నవ్వాడు. "నీకు తెలియదు. అందుకే నాకూ ఇవ్వొద్దు."

పొద్దుగూకింది. గంగన్న భూమయ్య గదికి పోయాడు. వెనకాల వహీదూ, పెద్దులూ, మరికొందరూ చేరారు.

"ఇస్తనన్నా. ముందుగాల పెద్దులుది చూపియ్యి. ఎసొంటి ముద్ర గొట్టిండ్రో చూస్త."

"నన్నే అనుమానిస్తవారా? నేను వెట్టోని కొడుకును!"

"అనుమానం కాదన్నా," పెద్దులు నసిగాడు. "నా ఫొటో నేను చూసుకోక ఏడాదాయె. జర చూపియ్యి."

భూమయ్య మొహం నల్లబడింది. "చూపిస్తె చేతికియ్యిమంటరు. చేతికిస్తె ఒక్కడన్న సైట్‌కు వస్తడా? మిమ్ముల ఇడిసిపెడితె పనెట్ల నడుస్తదిరా?"

పెద్దులు మెల్లగా అన్నాడు: "గీ మాట మా తాత జెప్పేటోడు మేస్త్రన్నా. దొర నోట్లె ఉండేదట."

"ఎక్కువ మాట్లాడితె పోలీసులకు జెప్పి ఒక్కొక్కణ్ణి ఇంటికి తోలిస్త, ఏమనుకున్నరో!"

"తోలియ్యన్నా," అన్నాడు గంగన్న. "మాకు కావల్సింది గదే. తోలాల్నంటె పాస్‌పోర్టు బయటికి తియ్యాలె గదా!"

ముందు వహీద్ నవ్వాడు. తర్వాత పెద్దులు నవ్వాడు, ఏడాది నవ్వంతా ఒక్కసారే. నవ్వి, పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు. భూమయ్య అరిచాడు, బతిమిలాడాడు, వాళ్ల నాయన వీపు మీద వాతలు మళ్లీ వర్ణించాడు. ఎవరూ లేవలేదు. చివరికి మొలతాడుకున్న తాళంచెవి తీశాడు.

ఎవరివి వాళ్లు తీసుకున్నారు. ఫొటోలో ఉన్నది తానేనా అని ఒక్కొక్కడూ అద్దంలో చూసుకుని మరీ నమ్మాడు. ఏ ఒక్కదానిలోనూ కొత్త ముద్ర లేదు.

బయట నిమ్లే నిలబడి ఉన్నాడు. "అందరికీ దొరికాయా? ఇప్పుడెక్కడ దాస్తారు?" అని అడిగాడు.

వహీద్ తెలుగులో చెప్పేలోపే గంగన్నకు అర్థమైపోయింది.

"గా సంగతి మాత్రం నీకు జెప్ప," అన్నాడు.