దుప్పటి పిండే రాగం

హలో, వినపడుతోందా? అందరూ బాగున్నారు కదా! చేతిలో టీ ఉంటే తాగుతూనే వినండి. మా అక్క సంగతి ఒకటి చెప్పాలి.

అక్క లాండ్రీలో పనిచేస్తుంది. నేను ఆ లాండ్రీకే వ్యాను నడుపుతాను. ఆదివారం చర్చి ప్రార్థనలో అందరి ముందూ నిలబడి కీర్తన పాడాలని అక్కకు ఎప్పటినుంచో కోరిక. ఎన్నాళ్లకో అవకాశం వచ్చింది. కానీ శుక్రవారం ప్రాక్టీసు నుంచి ముఖం మాడ్చుకుని వచ్చింది.

"ఏమైందక్కా?"

"ఏముందిరా! ప్రతి లైను చివరా ఆగుతున్నానట, తాళం తప్పుతోందట. రేపటికల్లా కుదరకపోతే టైలరు కూతురితో పాడిస్తాడట ఆ కీబోర్డు మాస్టారు!"

నాకు విషయం అర్థమైంది. ఆ కీర్తనదీ, లాండ్రీలో ఆడవాళ్లు తడి దుప్పట్లు పిండుతూ పాడే పాటదీ ఒకటే రాగం. కీర్తనలో "నీ వెలుగు మా ఇంట నిండెను ప్రభువా" అయితే, లాండ్రీలో "నీ గురక మా ఇంట నిండెను మావా". ఏది ముందు పుట్టిందో పెద్దవాళ్లకే తెలియదు. దుప్పటికి చెరో కొసా ఇద్దరు పట్టుకుంటారు. లైను పూర్తవగానే ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా మెలితిప్పుతారు. అక్క ఆగేది అక్కడే!

మర్నాడు మాస్టారిని బతిమాలి లాండ్రీకి తీసుకొచ్చాను. అక్క ఆయన చేతికి దుప్పటి కొస అందించింది. ఆయన ఆగకుండా పాడుకుంటూ ముందే మెలితిప్పేశాడు. అక్క చేతిలోని కొస జారి, చెళ్లున వెళ్లి ఆయన మొహానికి తగిలింది.

"అయ్యయ్యో మాస్టారూ, దుప్పటి చేత దెబ్బలు తిన్నారేంటండీ!" ఆడవాళ్లు విరగబడి నవ్వారు.

ఆయన మొహం తుడుచుకున్నాడు. "ఇంకోసారి పట్టుకో అక్కా."

ఈసారి ఆగాడు. ఇద్దరూ ఒకేసారి మెలితిప్పగానే దుప్పటిలోంచి నీళ్లు ధారకట్టాయి.

"ఓహో, ఇదా సంగతి! సరే, అక్కడ నేనూ ఆగుతా. రేపు నువ్వే పాడు."

ఆదివారం హాలు నిండిపోయింది. అక్క గొంతెత్తింది. లైను చివర ఆగింది, మాస్టారూ ఆగాడు. ఎంత బాగుందో! ఆఖరి చరణం వచ్చింది. అక్క ఆగింది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ముందు వరసలోంచి "గుర్ర్..." అని వినిపించింది. మా బావ!

అక్క చేతులు వాటంతటవే కొంగును మెలిపెట్టాయి. నోట్లోంచి పాట వచ్చేసింది: "నీ గురక మా ఇంట నిండెను మావా..."

వెనక వరసలోని లాండ్రీ ఆడవాళ్లు అలవాటుగా వంత పాడేశారు. అక్క నాలుక కరుచుకుంది. మాస్టారు మాత్రం కీబోర్డు ఆపలేదు. పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

బావ ఉలిక్కిపడి లేచాడు. "ఏంటే, అప్పుడే అయిపోయిందా?"

"మీ నిద్ర అయిపోయింది, పాట ఇంకా ఉంది," అంది అక్క. మళ్లీ "నీ వెలుగు" అందుకుని చక్కగా ముగించింది.

పాస్టరుగారు లేచి, "వచ్చేవారం కూడా అక్కే పాడుతుంది. ఒక్కరూ నిద్రపోరు," అన్నారు.

సరే, ఉంటానండీ మరి. మీ ఇంట్లోనూ ఇలా కునికే బావలుంటే, ముందు వాళ్లకే పంపండి ఈ కథ. లేచాక వింటారు!