సూదక్కకు నచ్చలేదు

దుప్పటిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చిరుగు ఎక్కడ మొదలైందో వెతికింది సూదక్క. కంటికి కనిపించే చిల్లు చిన్నదే. దాని చుట్టూ నూలు పలచబడి, నేడో రేపో తెగడానికి సిద్ధంగా ఉన్న చోటు మాత్రం అరచేతి మేర ఉంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు చిల్లు ఒక్కటే కుట్టి పక్కన పడేస్తారు. ఒక్క ఉతుకుకే ఆ కుట్టు చుట్టూ మళ్లీ చిరుగుతుంది. ఆమె పలచబడ్డ మేరంతా బొటనవేలితో తడిమి చూసుకుంది. దారం కొసను పెదవుల మధ్య పెట్టి తడిపి సూదిలోకి ఎక్కించింది. దారానికి ఒక రుచి ఉంటుందన్న సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది.

ఆస్పత్రి వెనకవైపు, ఉతుకు యంత్రాల గదికి ఆనుకుని ఉంది ఆ కుట్టుగది. గోడ అవతల యంత్రాలు తిరుగుతుంటే ఇవతల బల్ల మీద గుండుసూదుల డబ్బా సన్నగా వణుకుతుంటుంది. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గది ఆకుపచ్చ గౌన్లు తోపుడుబండి మీద గుట్టలుగా వస్తాయి. గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. దాని కింద కుర్చీ ఫలానావాళ్లదని రాసిపెట్టి లేదు. కానీ పొద్దున అందరికంటే ముందు వచ్చే ఇస్త్రీ ఆమె ఆ కుర్చీలో తన సంచీ పెట్టి ఉంచుతుంది. సూదక్క గుమ్మంలో కనపడగానే తీసేస్తుంది. ఈ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"ఇవాళ ఏ దేశం అక్కా?" ఇస్త్రీ పెట్టె నుంచి లేచే ఆవిరిలోంచి అడిగింది ఆమె.

"కొరియా."

"అక్కడేం తింటారు?"

"అది తెలిస్తే వెళ్లడం ఎందుకు?"

"పోయినసారి చేతిగుడ్డ తిన్నావు. ఈసారి బల్ల మీద పరిచిన గుడ్డ కూడా తినేస్తావేమో చూసుకో."

సూదక్క నవ్వింది. పోయిన వారం ఇథియోపియా హోటల్లో బుట్టనిండా మెత్తగా, బూడిదరంగులో, చక్కగా చుట్టి పెట్టిన చుట్టలు తెచ్చి ముందుంచారు. ఆమె ఒకటి విప్పి వేళ్లు తుడుచుకుంది. తర్వాత అలవాటు కొద్దీ అంచు ఎలా మడిచి కుట్టారా అని తిప్పి చూసింది. అంచు లేదు. కుట్టూ లేదు. తాను తుడుచుకున్నది రొట్టెతో అని పక్క బల్ల దగ్గరి పిల్ల కిసుక్కుమన్నాక గానీ తెలియలేదు. తెలిశాక ఆ తుడుచుకున్న రొట్టెనే ముందు తిన్నది. పుల్లగా ఉంది. తడి దుప్పటి నమిలినట్టుందని మర్నాడు ఇస్త్రీ ఆమెకు చెప్పింది. చెప్పడమే తప్పయింది. ఇప్పుడు ఉతుకు యంత్రాల దగ్గరివాళ్లు కూడా చిరిగిన చేతిగుడ్డ కనపడితే "అక్కకు టిఫిను వచ్చింది" అంటున్నారు.

"అది కాదు గానీ అక్కా, ఇన్ని చోట్ల తిన్నావు, ఒక్కటైనా బాగుందన్నావా? ఆ ఎర్ర దుంప సూపు మట్టి వాసనన్నావు. ఆ కరిగించిన చీజు బంకలా పళ్లకు పట్టుకుందన్నావు. నాలుకకు ఈ శిక్షేమిటి?"

"బాగోలేదని అన్నదెవరు?"

"నువ్వే."

"అదీ. నేనే అన్నాను. ఎవరో చెబితే అనలేదు."

"అదొక గొప్పా!"

"అదే గొప్ప," అని సూదక్క నూలును నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస అల్లుకుంటూ పోయింది.

తల్లి పోయేనాటికి ఆమెది పొయ్యి అందీ అందని ఎత్తు. అప్పటినుంచి తండ్రికి, తమ్ముడికి, తర్వాత తమ్ముడి భార్యకు, వాళ్ల పిల్లలకు వండింది. తండ్రికి కారం తగలకూడదు. తమ్ముడికి కారం లేనిదే ముద్ద దిగదు. మరదలికి వంకాయ పడదు. పిల్లల్లో ఒకడికి ఉల్లిపాయ కంట పడకూడదు, రెండోదానికి ఉల్లిపాయ లేకపోతే అలక. ఇవన్నీ ఆమె నాలుకకు కంఠతా వచ్చు. గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని ఉప్పు చూసినప్పుడు ఆ కాసేపు ఆమె నాలుక తండ్రిది అయ్యేది, తమ్ముడిది అయ్యేది, పిల్లలది అయ్యేది. అందరూ తిని లేచాక గిన్నెల్లో అడుగున ఉన్నది ఆమె తినేది. ఏది మిగిలితే అదే ఆమెకు ఇష్టమని ఇంట్లో అందరి నమ్మకం. కొన్నాళ్లకు ఆమె నమ్మకం కూడా.

పిల్లలు పెద్దవాళ్లై తమ్ముడు వంటమనిషిని పెట్టుకున్నాక, ఆ ఇంట్లో తన పని అయిపోయిందని ఒకరు చెప్పకముందే కనిపెట్టి, ఆస్పత్రి దగ్గర మేడ మీద ఒక గది తీసుకుంది. చిరిగినవి కుట్టడం చిన్ననాటి నుంచే చేతిలో ఉన్న పని కనుక ఉద్యోగం సులువుగానే దొరికింది. సూదక్క అన్న పేరూ ఇక్కడివాళ్లు పెట్టినదే. ఇక్కడే ఒకరోజు, ఉద్యోగం చాలించి వెళ్లిపోతున్న పెద్ద నర్సు అందరికీ హోటల్ నుంచి భోజనం తెప్పిస్తూ, "నీకేం ఇష్టం అక్కా?" అని అడిగింది.

"ఏదైనా పర్లేదమ్మా."

"ఏదైనా అనే వంటకం ఆ హోటల్లో లేదు. పేరు చెప్పు."

సూదక్క నోరు తెరిచింది. తండ్రి ఇష్టాలు వచ్చాయి, తమ్ముడి ఇష్టాలు వచ్చాయి. తనది ఒక్కటీ రాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు సరదాకే నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ మాత్రం ఎవరి మీదో తెలియని కోపంతో అడుగులు గట్టిగా వేసింది. తెలిసిన వంటల్లో వెతకడం దండగ, వాటి నిండా వాళ్ల ఇష్టాలే ఉన్నాయి. ఇంట్లో ఎవరి నాలుకా తాకని తిండి కావాలి. బస్‌స్టాప్ వెనక, బోర్డు మీద తనకు చదవరాని అక్షరాలున్న హోటల్లోకి ఆమె అదే వారం వెళ్లింది. తిండి బాగోలేదు. "నాకు నచ్చలేదు" అని బయటకు వచ్చాక పైకే అనుకుంది. ఆ మాట నోటికి కొత్తగా, ఇంకొంచెం తినాలనిపించేలా ఉంది.

అయినా ఏ హోటల్లోనూ పళ్లెంలో మెతుకు వదల్లేదు. వదలడం చేతకాదు. ఎవరి ముఖం మీదా "నచ్చలేదు" అనడం అసలే చేతకాదు.

ఇవాళ అనాల్సి ఉంది. నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. వంటమనిషి మానేసింది, మరదలికి మోకాళ్లు వంగడం లేదు, మేనకోడలు కానుపుకు వస్తోంది. "ఒక్కదానివి ఆ గదిలో ఎందుకక్కా, ఇంటికొచ్చేసెయ్. రేపు సాయంత్రం వచ్చి మాట్లాడతా" అన్నాడు. ఎప్పటిలాగే ఆమె "సరే" అంది. రమ్మన్నందుకు సరేనా, వచ్చి మాట్లాడతానన్నందుకు సరేనా అన్నది అతను అడగలేదు. ఆమె చెప్పలేదు. సాయంత్రం తాను ఉండే హోటల్ గుర్తులు మాత్రం చెప్పింది.

"రానని అనగలవా?" అంది ఇస్త్రీ ఆమె, మడత పెట్టిన గలీబులు అందిస్తూ. ఇప్పుడు వేళాకోళం లేదు.

"చూద్దాం."

"చూద్దాం అంటే వెళ్లిపోతున్నావన్నమాటే."

సూదక్క గలీబులు అందుకుని బల్ల మీద పెట్టింది. మధ్యాహ్నం నుంచి ఎడమ భుజం కింద బరువుగా ఉంది. తడి దుప్పట్ల మూట ఎత్తినందుకేనని చేత్తో రుద్దుకుంది.

కొరియా హోటల్ ఒక చెప్పుల షాపు పైన ఉంది. మెట్లు ఇరుకు. మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుంటే పైనుంచి దిగుతున్న ఎవరో గోడకు ఒత్తుకుని నిలబడి, తొందరేం లేదన్నట్టు తమ సెల్‌ఫోన్ చూసుకుంటూ ఉండిపోయారు. ఆ మర్యాదకు ఆమె మనసులో దండం పెట్టుకుంది.

తమ్ముడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. పొట్ట బల్లకు తగులుతోంది. ముఖం వేలెడంత అయిపోయి ఉంది.

"ఇదేం చోటక్కా! మెనూలో ఒక్క ముక్క అర్థమై చావదు. పద, ఇంకెక్కడికైనా పోదాం."

"కూర్చో. నాకు ఆకలిగా ఉంది."

హోటల్ నడిపే ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, చేతులు మోచేతుల దాకా ఎర్రబడి ఉన్నాయి. మాటలు ఒక్కొక్కటే ఏరుకుని మాట్లాడుతుంది. ఇక్కడ ఎవరూ అడగనిది ఏమిటని సూదక్క ఆమెను అడిగింది. అది ఆమె పద్ధతి. అందరూ తినేది తింటే మళ్లీ ఇంకొకళ్ల ఇష్టమే అవుతుంది.

వచ్చింది ఒక స్టీలు గిన్నె. అందులో మంచుముక్కలు తేలే చల్లటి పులుసు, మధ్యలో బూడిదరంగు నూడుల్స్ ఉండ, పైన సగం గుడ్డు. ఆవిడ జేబులోంచి పెద్ద కత్తెర తీసి ఆ ఉండను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కత్తిరించి, కత్తెర బల్ల మీదే పెట్టి వెళ్లింది.

తమ్ముడు కళ్లప్పగించి చూశాడు. "అన్నానికి కత్తెరేంటక్కా? టైలరు షాపుకొచ్చామా!"

సూదక్కకు నవ్వాగలేదు. ఒక పోగు పైకెత్తి నోట్లో పెట్టుకుంది. చల్లదనం పళ్లలోకి దిగింది. ఉప్పు లేదు, కారం లేదు. నాలుక మీద ఏదో ఎరిగిన రుచి కదిలింది. ఇంకో పోగు నమిలింది. అప్పుడు తెలిసింది. దారం. తడిపిన నూలుదారం.

"బండి మాట్లాడాను," అంటున్నాడు తమ్ముడు. "ఆదివారం వస్తుంది. నీ సామానెంతలే, ఒక్క ట్రిప్పు. మీ మరదలు నీ కోసం వెనక గది ఖాళీ చేయించింది. వంటగది పక్కనే, నీకూ వీలుగా ఉంటుంది. ఈ కంపంతా తినే ఖర్మ నీకేంటి? నీకు ఏది పెట్టినా ఇష్టమేగా, పిచ్చిదానివి."

సూదక్క చెంచా కింద పెట్టింది. గిన్నె సగానికి పైగా నిండుగానే ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని బల్ల మధ్యకు నెట్టింది. మంచుముక్కలు గిన్నె అంచుకు తగిలి చిన్నగా మోగాయి.

"నాకు నచ్చలేదు."

"నేనదే చెబుతున్నా, ఈ తిండి..."

"తిండి నచ్చలేదు. వెనక గదీ నచ్చలేదు. నేను రాను."

తమ్ముడికి వెంటనే కోపం రాలేదు. గోడ మాట్లాడినట్టు చూశాడు. "ఎవరో నూరిపోశారు నీకు."

"ఎవరూ నూరిపోయలేదు. నూరడం నాకే వచ్చు. మీ ఇంట్లో ఇన్నేళ్లు నూరాను."

"అంటే మేము నిన్ను సరిగా చూడలేదనా?"

"చూశారు. తిన్నావా అని రోజూ అడిగారు. ఏం తింటావని అడగలేదు. నేను కూడా అడగనివ్వలేదనుకో. అది వేరే. మేనకోడలు వచ్చాక చూడ్డానికి వస్తాను, బిడ్డ కింద పరిచే గుడ్డలు కుట్టుకుని వస్తాను. చుట్టంలా వచ్చి చుట్టంలా పోతాను. బండి వద్దని చెప్పెయ్."

అతను లేచాడు. కుర్చీ చప్పుడైంది. గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు వేసుకుని, మళ్లీ వెనక్కి తిరిగాడు. చిన్నప్పుడు బడి నుంచి దెబ్బలు తిని వచ్చినప్పటి ముఖం అది.

"అయితే నీకేం ఇష్టమక్కా?"

ఆ ప్రశ్న కోసం ఆమె ఎంతకాలం కాచుకుందో అప్పుడు తెలిసింది. జవాబు లేకపోయినందుకు ఈసారి సిగ్గు కలగలేదు.

"ఇంకా దొరకలేదురా. వెతుకుతున్నా."

అతను దిగి వెళ్లే చప్పుడు వింటూ కూర్చుంది. హోటల్ ఆవిడ వచ్చి గిన్నెలోకి చూసింది.

"ఏమనుకోకమ్మా. నాకు నచ్చలేదు," అంది సూదక్క. రెండోసారికి మాట ఇంకా తేలికగా వచ్చింది.

ఆవిడ నొచ్చుకోలేదు. "చెప్పడం మంచిది. అందరూ బాగుంది అంటారు. మళ్లీ రారు."

"నేనూ మళ్లీ రాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. "మా అమ్మ చేస్తే వేరే," అంది ఆవిడ. "నేను చేసేది నాకూ నచ్చదు." గిన్నె తీసి, బదులుగా వేడినీళ్ల గ్లాసు పెట్టింది. కత్తెర తీయడం మరిచిపోయింది.

నీళ్లు తాగి పెదవులు తుడుచుకోబోతే హోటల్ చేతిగుడ్డ అంచు ఒక పక్క ఊడి ఉంది. మొదటి హోటల్లో ఇలాగే కనపడితే చూస్తూ ఊరుకోలేక కుట్టింది. ఆ తర్వాత వెళ్లిన ప్రతి చోటా అదే పని. ఎంత రోతగా తిన్నా, ఆమె వెళ్లి వచ్చిన ప్రతి హోటల్లో ఒక గుడ్డ బాగుపడింది. ఇథియోపియాలో మాత్రం రొట్టెకు కుట్టు పడలేదు. ఆ మాట రేపు ఇస్త్రీ ఆమెతో అనాలని గుర్తుపెట్టుకుంది.

సంచీలోంచి సూది తీసి, దారం కొస తడిపింది. ఆ రుచే మళ్లీ. "నువ్వూ నచ్చలేదు పో," అని దారంతో అంది. అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. వెలుతురు తగ్గుతోంది. హోటల్ ఆవిడ ఏమీ అడగకుండా గోడ దీపాన్ని ఆమె వైపు తిప్పి, వంటగదిలోకి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి సూదక్క తల గోడకు ఆనించి ఉంది. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. పనిచేసి అలసిన మనిషి అనుకుని ఆవిడ చప్పుడు చేయకుండా మిగతా బల్లలు తుడిచింది. కుర్చీలు ఈడ్వకుండా ఎత్తి సర్దింది. వీధి దీపాలు వెలిగాక, మెల్లగా పిలిచింది. తర్వాత భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్లు చల్లబడిపోయి ఉంది. ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు.

మనుషులు వచ్చి ఆమెను తీసుకువెళ్లాక ఆ బల్లను ఎవరూ కదపలేదు. కత్తెర పక్కన చేతిగుడ్డ అలాగే పరిచి ఉంది. అంచు మూల దాకా సన్నటి కుట్లతో మూసుకుంది. చివర ముడి కూడా పడింది. సూది మాత్రం ఇంకా ఆ తెంపని దారానికే వేలాడుతోంది.