హిల్డరున ఇంటి చుట్టూ ఖాళీ నేల

హిల్డరున ఇంటికీ ఆమె అన్న ఆదల్మర్ ఇంటికీ మధ్య ఉన్న ఖాళీ నేల రోజుకో పొలం పొడవున పెరుగుతోంది. రైను నదికి తూర్పున, అడవుల్లో బతికే జర్మానిక్ తెగ వాళ్ళది. ఇల్లూ ఇల్లూ తగలకుండా చుట్టూ కాస్త జాగా వదిలి కట్టుకోవడం ఆ తెగ ఆచారం. మొగుడు యుద్ధంలో పోయాక, కేకేస్తే అన్నకు వినబడుతుందన్న ధైర్యంతోనే ఆమె అక్కడ ఉంటోంది.

ఇప్పుడు అన్న పొద్దున పిలిచిన పిలుపు మర్నాడు మధ్యాహ్నానికి చేరుతోంది. "చెల్లెమ్మా, తిన్నావా?" అని గుమ్మం దగ్గరికొచ్చి, బాగా అలిసిపోయి వినిపిస్తుంది. ఆమె జవాబిస్తుంది. అది చేరేసరికి అన్న అడిగిన సంగతే మరిచిపోతాడు.

తొమ్మిదో రోజున మగ్గం మీది తెల్లబట్ట కోసి భుజాన వేసుకుని ఆమె తెగ సభకు బయలుదేరుతుంది. మూడు పగళ్ళు నడుస్తుంది. సభలో మగవాళ్ళంతా ఈటెలు పట్టుకుని కూర్చున్నారు. ఆమె చెప్పింది విని, పూజారి ఒక పండ్లచెట్టు కొమ్మను పుల్లలుగా కోసి, గుర్తులు గీసి, ఆమె బట్ట మీద చల్లుతాడు. మూడు ఏరి శకునం చూస్తాడు.

"తెగ ఎంత బలమైందైతే దాని చుట్టూ అంత నేల ఖాళీ అవుద్ది. నీకున్నంత ఖాళీ మాకెవరికీ లేదు. నువ్వే ఒక తెగవి."

"నేనొక్కదాన్నే కదయ్యా."

"అందుకే నీలో తగువుల్లేవు."

సభ ఈటెలు ఈటెలకు కొట్టి ఒప్పుకుంటుంది.

ఆదల్మర్ లేచి వచ్చి, పరాయి తెగ నాయకురాలి ముందు వంచినట్టు తల వంచుతాడు.

"మీ పశువులు క్షేమమా అండీ?"

"అన్నా, నన్ను నువ్వు అను."

"రెండు తెగల మధ్య అట్లా అనకూడదండీ. యుద్ధమొస్తుంది."

"రానీ. యుద్ధానికైనా నా దగ్గరికొస్తావుగా."

అతని కళ్ళు చెమరుస్తాయి. "మీ దాకా వచ్చేసరికి దారిలోనే ముసలాణ్ణయిపోతానండీ," అంటాడు. కళ్ళు తుడుచుకోమని ఆమె బట్ట కొస అందిస్తుంది. పరాయి తెగ కానుకకు సభ అనుమతి కావాలి గనక అతను ముట్టుకోడు.

తిరిగి ఇల్లు చేరడానికి ఆమెకు ఏడు పగళ్ళు పడుతుంది. గుమ్మం ముందు నిలబడగానే పక్కటెముకల కింద చక్రాల చప్పుడు మొదలవుతుంది. ఆమె నోరు తెరుస్తుంది. ఎద్దుల బండి ఒకటి బయటికొస్తుంది, దాని వెనక ఇంకొకటి. బండ్ల మీద ఆడవాళ్ళు, పిల్లలు, చుట్టిన తోళ్ళు, కుండలు. ఆమెలోని తెగ వలస పోతోంది. ఎవరూ వెనక్కి చూడరు. ఆగమందామంటే నోటినిండా బండ్లే. ఎవరికీ దెబ్బ తగలకుండా పొద్దువాలే దాకా ఓపిగ్గా నోరు తెరిచే ఉంచుతుంది.

చివరి బండి ఎద్దు మాత్రం కాసేపు ఆగుతుంది. ఆమె అరచేతిలో గీతలన్నీ పచ్చిగడ్డి మేసినట్టు మేసి, చెయ్యి నున్నగా చేసి, నెమరు వేసుకుంటూ దక్షిణానికి వెళ్ళిపోతుంది.